తాంబాళం ఎలుగు

దొర మీగడరంగు మోటరు తలుపు గీసుకపోయింది. గీసింది ఆయన బామ్మర్ది, సావొచ్చింది మాకు. సిద్దిపేటల మోటర్లకు రంగేసేది మా ఆయన భూమయ్య ఒక్కడే. కూలి లేని ఎట్టిపని కింద మోటరు తెచ్చి మా పసులకొట్టంల పెట్టిన్రు. దొర జవాను ముంగట కుర్సీ ఏసుకొని కూసున్నడు.

"పొద్దుగూకేటాలకు కొత్తరంగు పాతరంగుల కలవాలె. కలవకుంటె నీ బిడ్డ బాలలక్ష్మిని దొర గడికి తోల్కపోత" అన్నడు. గడికి పోయిన ఆడపిల్ల ఎట్ల తిరిగొస్తదో నాకెరుకే.

రోడ్డు దుమ్ము తడిరంగుకు అంటుకుంటదని తలుపులు మూసి, గోనెసంచులు తడిపి కట్టినం. లోపలంత చీకటి. కిటికీల కెల్లి ఎండను మళ్లిచ్చేటందుకు అద్దం కావాలె. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు నిలువుటద్దం పక్కింట్ల ఉన్న మా తోటికోడలు రాములవ్వ పాలికి పోయింది.

"అక్కా, గీ పూటకు అద్దమియ్యి" అన్న.

"నీ బిడ్డ పోతె పోనియ్యి. నా అద్దం పేడల పెట్టాల్నా?" అన్నది. దాని నోట్ల మన్నువడ!

ఇత్తడి తాంబాళాలు చింతపండుతోని తోమి, కిటికీకాడ ఎండల నిలబెట్టినం. ఎలుగొచ్చింది. భూమయ్య మీగడరంగు కలిపి ఏసి, "కలిసింది" అన్నడు. పానం లేచొచ్చింది. మోటరును బయటికి నూకినం. అయ్యో! తలుపొక్కటి సున్నమేసినట్టు తెల్లగున్నది. ఇత్తడి ఎలుగు పసుపుపచ్చగుంటదని, దాంట్ల తెలుపు గూడ మీగడలెక్కనే కనవడతదని ఇద్దరికీ తోచలే.

"బిడ్డను తయారు చెయ్యి" అని జవాను పండ్లికిలిచ్చిండు.

నేను రాములవ్వ ఇంట్ల జొరబడి అద్దం గుంజిన. ఆమె ఇటు, నేను అటు. వాకిట్ల వడి పలిగింది. పెద్దపెద్ద పెంకులు ఏరుకొచ్చి కొట్టం కిటికీకి మట్టితోని అంటిచ్చిన. మోటరును మళ్ల లోపలికి నూకినం. తెల్లటి ఎలుగొచ్చింది. ఆయన తడిరంగును గాసునూనెతోని తుడిచి, మళ్ల కలిపి ఏసిండు. ఈసారి ఎండల చూస్తె అతుకే కనవడలే.

జవాను మొఖం మాడింది. వాకిట్ల పెంకులేరుతున్న రాములవ్వ బిడ్డ చెయ్యి పట్టిండు. "గడికి ఎవలో ఒకలు కావాలె. నువ్వు నడువ్."

నేను పెంకొకటి తీసి తడిరంగుకు ఆనిచ్చిన.

"పిల్లను ఇడువు! లేకుంటె మోటరంత గీరుత. దొరకు జవాబు నువ్వే చెప్పుకో."

ఇడిచిండు. తిట్టుకుంట మోటరు తీస్కపోయిండు.

రాములవ్వ బిడ్డను పొట్టకు అదుముకొని ఏడ్సింది. కండ్లు తుడుసుకొని నా దిక్కు చూసి, "మరి నా అద్దం?" అన్నది.

చేతులున్న పెంకు ఆమె ముంగట పెట్టిన.

"ఇగో, మొఖం చూసుకో."