ఊచల చుట్టూ చేతులు

లిడియా చెయ్యి నలిగినప్పుడు ఇంజను ఆగలేదు. ఈ మాట ముందే చెప్పెయ్యాలి. ఎందుకంటే తర్వాత పెద్దమనుషులు రకరకాలుగా చెప్పారు. పిల్లే తొందరపడిందన్నారు, కొంగు అడ్డమొచ్చిందన్నారు. హన్నమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఆవిడ కళ్ళారా చూసింది.

తాడేపల్లిగూడెం స్టేషను వెనక బియ్యం గోడౌనుకి కాంక్రీటు నేల పోస్తున్నారు. కంట్రాక్టరు సూర్యప్రకాశరావు మద్రాసు నుంచి చదును మిషను తెప్పించాడు. రెండు పట్టాల మీద అడ్డంగా పొడవాటి ఇనపబద్ద. ఆయిలింజను దాన్ని ముందుకీ వెనక్కీ లాగుతుంటే పచ్చి కాంక్రీటు అరిటాకులా సాపయ్యేది. ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. బాగానే ఉంది గానీ, నేల మధ్యలో స్తంభాల కోసం నిలబెట్టిన మోకాలెత్తు ఊచలున్నాయి కదా, అక్కడ మిషను ఆటలు సాగవు. మీట నొక్కి బద్దని పైకి లేపి ఊచల మీదుగా దాటించాలి. ఊచల మొదళ్ళలో మిగిలిపోయిన మిట్టపల్లాల్ని ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని తాపీలతో చదును చెయ్యాలి. అదీ, వెళ్ళిన బద్ద తిరిగొచ్చేలోగా చేసెయ్యాలి. కూలోళ్ళని తగ్గించడానికి కొన్నాడట మిషను. తగ్గించాడు కూడాను. మిగిలినవాళ్ళని దాని నోటిముందు కూర్చోబెట్టాడు.

లిడియా హన్నమ్మకి ఆడబిడ్డ. కొల్లేరు పొంగి ఊరు మునిగితే, వదినామరదళ్ళిద్దరూ ఉన్న ఒక్క మూటా నెత్తిన పెట్టుకుని తాడేపల్లిగూడెం వచ్చారు. ఆ రోజు లిడియా చెయ్యి ఊచల మధ్య ఉండగానే, మీట పట్టక, బద్ద పైకి లేవకుండానే వచ్చేసింది. కేక విని డ్రైవరు ఏసోబు ఇంజను ఆపబోయాడు.

"ఆపకురా, కాంక్రీటు బిగుసుకుపోద్ది. వెనక్కి లాగు, చాలు," అన్నాడు కంట్రాక్టరు.

లాగాడు. చెయ్యి బయటికొచ్చింది. లిడియాని గోడవారకి చేర్చి తడిగుడ్డ కట్టారు. తర్వాత ఏమైందంటారా? పనైంది. అందరూ చేశారు. హన్నమ్మా చేసింది. ఊచల దగ్గర ఎర్రబడ్డ చోట ఇంత కొత్త కాంక్రీటు వేసి సాపు చేసింది. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. మనిషి మొద్దుబారిపోయింది.

ఎందుకు చేశారంటే, పోత మొదలెడితే అయ్యేదాకా చేతులూ కాళ్ళూ కడగకూడదు. సిమెంటు రాకముందు, సున్నం పనుల రోజుల నుంచీ వాళ్ళ పేటలో అదే కట్టుబాటు. నడిమధ్యలో కడిగితే కట్టడం కూలుతుందనీ, దాని కింద పడ్డవాళ్ళ ఉసురు తగులుతుందనీ తాతలనాటి మాట. ఆ పేటలో కల్లు మానినవాళ్ళున్నారు, దేవుణ్ణే మార్చుకున్నవాళ్ళున్నారు. ఈ మాట దాటినవాళ్ళు మాత్రం లేరు.

దొరసాని ఆస్పత్రిలో లిడియా చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. హన్నమ్మ గంజి తాగిస్తోంది.

"వదినా, నేల సాపుగా వచ్చిందా?" అనడిగింది లిడియా.

"వచ్చిందే," అంది హన్నమ్మ. గంజిగిన్నె మళ్ళీ నోటికందించింది.

ఆదివారం పేటలోని గుడిపాకలో ప్రార్థన అయ్యాక అందరూ అక్కడే కూర్చున్నారు. హన్నమ్మ లేచింది.

"ఊచల దగ్గర మనిషి కూర్చుంటే ఇంజను ఆపాలండి. మనిషి లేచి చెప్పాకే కదలాలి. ఇదొక్కటే అడుగుదాం."

సంఘపెద్ద నిత్యానందం తలూపాడు. "అడుగుదామమ్మా. రేపటి పోత పూర్తిచేసి, చేతులు కడుక్కుని, మర్యాదగా అడుగుదాం."

అలాగే చేశారు. కంట్రాక్టరు నవ్వాడు. "పోతయిపోయింది కదయ్యా, ఇంకా మాటలేంటి? ఇష్టం లేనోళ్ళు మానెయ్యండి. కడుపు కాలేవాళ్ళకేం కరువా ఈ దేశంలో?"

వెధవ మాటే గానీ అబద్ధం కాదు. మళ్ళీ పాకలో చేరారు. ఈసారి గొంతులు లేచాయి.

"పని పచ్చిగా ఉన్నంతసేపే అతనికి మనం కావాలి. అప్పుడే అడగాలి," అంది హన్నమ్మ.

"పోత మధ్యలోనా? ఉసురు తగుల్తాదే తల్లీ," అన్నాడు నిత్యానందం.

"ఎవరి ఉసురండీ? లిడియా ఉసురు ఎవరికి తగిలింది? ఆయన భోంచేసి, తాంబూలం వేసుకుని పడుకున్నాడు."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఏసోబు అన్నాడు: "అక్కా, మీరు లేస్తే నేను ఇంజనాపేస్తాను. ఆ వేళ ఆపలేకపోయాను."

తర్వాతి పోత రోజున నేల సగం నిండాక హన్నమ్మ ఊచల దగ్గర్నుంచి లేచింది. నీళ్ళతొట్టి దాకా నడిచింది. తాతల మాట గుర్తొచ్చి భయమేసింది, నిజమే చెప్పాలి. అయినా చేతులు ముంచింది. వెనక ఎవరూ కదల్లేదు. తట్టలు నెత్తిన పెట్టుకుని చూస్తున్నారంతే. అప్పుడు నిత్యానందం తట్ట దింపి, ఏదో గొణుక్కుంటూ వచ్చి ఆవిడ పక్కనే చేతులు కడుక్కున్నాడు. ఇక ఒకరి వెనక ఒకరు అందరూ వచ్చారు. ఇంజను ఆగింది.

కంట్రాక్టరు పరిగెత్తుకొచ్చాడు. "ఏమే, మతులు పోయాయా మీకు?" అన్నాడు. కాసేపటికి "అమ్మా" అన్నాడు. "ముందిది కానివ్వండమ్మా, తర్వాత మీరన్నట్టే చేద్దాం."

"ముందు చేసి తర్వాత అడగడం అయిపోయిందండి. మనిషి చెబితేనే కదలమని ఏసోబుకి ఇప్పుడే, మా అందరి ముందూ చెప్పండి," అంది హన్నమ్మ.

ఒక్క మాట. చెబితే నేల దక్కేది. కూలిదాని ముందు ఆ మాట ఆయన నోట్లోంచి రాలేదు. పోలీసులకి కబురు పెట్టాడు. వాళ్ళొచ్చేసరికి కాంక్రీటు గట్టిపడి, ఊచల మధ్యే బద్ద బిగుసుకుపోయింది.

"ముందు కడిగిందెవరు?" అన్నాడు జమేదారు. దాచుకోవడానికేముంది, హన్నమ్మ ముందుకొచ్చింది. ఇంజనాపినందుకు ఏసోబునీ పట్టుకున్నారు.

ఇద్దర్నీ రైల్లో ఏలూరు తీసుకెళ్ళారు. ప్లాట్‌ఫారం మీద కూలోళ్ళ గుంపొకటి తట్టలూ పారలూ పట్టుకుని గూడెం బండి కోసం నిలబడి ఉంది. బేడీలేసిన ఆడమనిషిని చూసి అందులో ఒకావిడ దగ్గరకొచ్చింది. ఆవిడ పేరు సీతారత్నం.

"ఏం చేశావమ్మా?"

"పోత మధ్యలో చేతులు కడుక్కున్నాను," అంది హన్నమ్మ.

జమేదారు నవ్వాడు. ఆ గుంపులో ఎవరూ నవ్వలేదు. వాళ్ళూ పోత పనివాళ్ళే. ఎందుకని అడిగారు. లిడియా సంగతి ఒక్కొక్క మాటే చెప్పింది హన్నమ్మ. జమేదారు గదమాయించి ముందుకు నడిపించేశాడు.

మర్నాడు సూర్యప్రకాశరావు గునపాలతో ఆ నేల తవ్వించి, ఏలూరు నుంచి రప్పించిన కూలోళ్ళని లోపలికి పిలిచాడు. వాళ్ళు గుమ్మంలోనే ఆగారు.

"ఇంజను ఎవరి మాట మీద ఆగుద్దో ముందు చెప్పండి బాబూ," అంది సీతారత్నం.

ఆయన బస్తాలు విప్పండంటూ చెయ్యూపాడు. వాళ్ళు తట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. సిమెంటు బస్తా ఒక్కటీ విప్పలేదు.