ముడతలు తీసిన మాట

ఆఫీసులో అతన్ని ‘ఇస్త్రీ’ అనేవారు. ఎదురుగా అనరు, వెనకాల అంటారు. అయినా చెవిన పడేది. పడ్డప్పుడల్లా లోలోపల గర్వంగానే ఉండేది. వ్యవసాయ శాఖలో విధానపత్రాలు రాసే విభాగం వాళ్ళది. పల్లెల నుంచి వచ్చే మాటలు నలిగి, మట్టి కొట్టుకుని వస్తాయి: నీళ్ళు లేవు, విత్తనం మొలవలేదు, ఇది మా వల్ల కాదు. అవే మాటలు అతని బల్ల మీంచి వెళ్ళేటప్పుడు ‘నీటి లభ్యతను మెరుగుపరచుకునే అవకాశాలు ఉన్నాయి’ అని చక్కగా మడతపెట్టుకుని వెళ్ళేవి. చదివినవాడికి ఎక్కడా గుచ్చుకోదు. మన ఇస్త్రీగారి గొప్పతనమంతా అదే.

ఆ ఏడు విభాగానికి పెద్ద పని పడింది. సముద్రం అవతలి అభివృద్ధి సంస్థ ఒకటి కాలవల మరమ్మతుకి సాయం చేస్తానంది. దానికో షరతు. వాతావరణం గురించి, సేద్యం గురించి ఇక్కడి విధానం తమ లక్ష్యాలతో కలిసి నడవాలి. ఆ లక్ష్యాల్లో మొదటిది వరిచేల సంగతి. చేలో నీళ్ళు ఎప్పుడూ నిలవుంటే అడుగున మీథేన్ అనే వాయువు పుడుతుంది, అది భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి మధ్యమధ్యలో చేను ఆరబెట్టి మళ్ళీ నీళ్ళు పెట్టాలి. ఇందులో అబద్ధమేమీ లేదు. కాలవ మొదట్లో ఉన్న రైతులు చేసి చూశారు. పంట తగ్గలేదు, నీళ్ళూ మిగిలాయి.

చిక్కంతా కాలవ చివర్లో ఉంది. అక్కడి పొలాల్ని శివారు భూములంటారు. అక్కడికి నీళ్ళు రావడమే గగనం. చేను ఆరబెట్టి ‘ఇప్పుడు మాకొద్దు’ అన్నారంటే ఆ వంతు నీళ్ళు పైవాళ్ళు లాగేసుకుంటారు, మళ్ళీ కావాలన్నప్పుడు చుక్క దిగదు. ఈ సంగతి ఇస్త్రీకి ఎవరూ చెప్పక్కర్లేదు. అతను పుట్టి పెరిగింది అలాంటి ఊళ్ళోనే. తల్లి పోయాక పెంచిన పిన్ని పక్కన, తూము దగ్గర కాపలా కూర్చుని పెరిగినవాడే. ఆఫీసులో మాత్రం తనది పట్నమేనని చెప్పుకున్నాడు. ఎవరూ అడక్కపోయినా చెప్పుకున్నాడు.

సంస్థవాళ్ళకి ఇంకో నియమం ఉంది. విధానం ఖాయం చేసే ముందు దాన్ని రైతుల ఎదుట చదివి, వాళ్ళేమంటారో వినాలి. వినడానికి ఒకావిడ విమానమెక్కి వస్తోంది.

“దగ్గరి ఊరైతే మొక్కుబడిగా ఉంటుందయ్యా. బాగా దూరంగా ఉన్నది చూద్దాం,” అంటూ డైరెక్టరుగారు మ్యాపు మీద కాలవ వెంట వేలు జరిపారు. ఆ వేలు జారి జారి అతని ఊరి మీదే ఆగింది. “తర్జుమా నువ్వే చెయ్యి. నీ చెయ్యి పడితే ఏ మాటైనా సాఫీగా ఉంటుంది. ‘కానీ’ అనేది మాత్రం నాకెక్కడా కనపడకూడదు. అదొక్కటి దొర్లిందంటే ఫైలు ఇంకో ఏడాది మూలపడుతుంది.”

అప్పుడైనా ‘అది మా ఊరండీ’ అని ఉండొచ్చు. తలూపి ఫైలు అందుకున్నాడు.

ఊరి బడిలో సమావేశం పెట్టారు. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. పిన్ని ముందు వరసలోనే ఉంది. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, తడి జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చింది. అతన్ని చూడగానే ముఖం విప్పారింది.

“అంత చిక్కిపోయావేంట్రా నాయనా,” అంది, గదంతా వినపడేలా. ఈ గట్టు మీంచి ఆ గట్టుకి పిలిచి పిలిచి పెరిగిన గొంతు అది, తగ్గించడం దానికి చేతకాదు.

వచ్చినావిడ అతని వైపు తిరిగి, ఏమంటున్నారని తన భాషలో అడిగింది.

“మనకి స్వాగతం చెబుతున్నారు,” అన్నాడు.

ఆ రోజుకి మొదటి ఇస్త్రీ అది. చెవులు వేడెక్కాయి. అప్పుడతను సిగ్గుపడింది తను అన్న మాటకి కాదు. ఆ గొంతుకి, ఆ బెంచీకి, ఆ తడి జుట్టుకి.

విధానం చదవడం అయ్యాక పిన్ని లేచి నిలబడింది. “ఆరబెట్టమంటే ఆరబెడతాం తల్లీ, మాకేం మొండితనం లేదు. కానీ మళ్ళీ నీళ్ళెవరిస్తారు? పైవాళ్ళంతా తోడుకున్నాక మాకొచ్చేది, పిండేసిన గుడ్డలో మిగిలిన తడి. చివరి పొలాలు తడిశాకే పైకి నీళ్ళివ్వాలని ఆ కాయితంలో ఒక్క ముక్క రాయించండి. రాయిస్తే మేం సిద్ధం. లేదంటే మా చేలు నిలువునా ఎండుతాయి. మా వాడికీ తెలుసు, అడగండి.”

గది అతని వైపు చూసింది. డైరెక్టరుగారు పెన్ను మూత తీసి చూశారు.

“ఆరబెట్టడానికి తాము సిద్ధంగా ఉన్నామంటున్నారు,” అని అతను ఆవిడకి చెప్పాడు. “నీళ్ళ వేళలు ముందుగా తెలియజేస్తే ఇంకా సంతోషిస్తామంటున్నారు.”

ఆవిడ ముఖమంతా నవ్వు చేసుకుని, రెండు చేతులతో పిన్ని చెయ్యి పట్టుకుంది. ఫోటో తీయించుకుంది. పిన్ని వెనక్కి తిరిగి ఊరివాళ్ళతో, “చూశారా? చెబితే ఎందుకు వినరూ? మనవైపు చెప్పేవాడొకడుండాలి,” అంది. అతను నీళ్ళ సీసా మూత బిగించాడు, వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు. ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. ఆ ఒక్క ముక్కనే మింగేశాడు.

విధానం అచ్చయి వచ్చింది. ఊరూరా పంచడానికి దానికో చిన్న పుస్తకం కూడా వేశారు. అట్ట మీద పిన్ని ఫోటో, కింద పెద్ద అక్షరాల్లో ‘మేం సిద్ధం.’ ఎంపిక చేసింది అతను కాదు. ఆపిందీ లేదు. ఆఫీసులో అందరూ అట్ట బాగుందన్నారు. అతనూ బాగుందనే అన్నాడు.

పంటకాలం వచ్చింది. కాలవ పొడుగునా చేలు ఆరబెట్టారు. మొదట్లో వాళ్ళు మళ్ళీ తడుపుకున్నారు, మధ్యలో వాళ్ళు కిందా మీదా పడి తడుపుకున్నారు. శివారుకి నీళ్ళు తిరిగి రాలేదు. పొట్టకొచ్చిన పైరు నిలబడ్డచోటే తెల్లబోయింది. ఆ కబురు ఆఫీసుకి చేరిన వారానికి అతను సెలవు పెట్టి బస్సెక్కాడు.

ఊరి మొగలో తూములు చూసే లస్కరు ఎదురయ్యాడు. చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడే. “మిమ్మల్ని ఏమనగలం బాబూ,” అన్నాడు. “మీ పిన్నే ఒప్పుకుందిగా అందరి తరఫునా. పుస్తకంలో పడింది. మేం అడిగాం కూడా, అదేంటమ్మా, మేమంతా విన్నాంగా, నువ్వలా అనలేదుగా అని. తర్వాత వాళ్ళ దగ్గర విడిగా అన్నానంది. నేనే అన్నానంది. ఇప్పుడు ఊళ్ళో దాని గడప తొక్కేవాడు లేడు.”

అతనికి తల కొట్టేసినట్టయింది. మిగిలిన దారి ఎలా నడిచాడో తెలియదు.

పిన్ని వసారాలో కూర్చుని కొడవలి పిడికి గుడ్డ చుడుతోంది. కొయ్యడానికి ఏమీ లేకపోయినా చుడుతోంది. అతన్ని చూసి లేచి మంచినీళ్ళిచ్చింది, తిన్నావా అని అడిగింది. తిట్టమని ఎదురుచూశాడు. తిడితే బాగుండునని దారంతా అనుకుంటూ వచ్చాడు.

“నువ్వలా అనలేదని ఎందుకు చెప్పలేదు పిన్నీ?”

“చెబితే మరి ఎవరన్నట్టురా?” అంది. కాసేపు గుడ్డ చుట్టింది. “ఆవిడ నవ్వినప్పుడే నాకు తెలియాల్సింది. నేను చెప్పిన దానికి నవ్వేవాళ్ళెవరుంటారు?”

అందరికీ చెబుతాను, సరిచేస్తాను అన్న మాటలు పెదవి దాకా వచ్చాయి. అవి కూడా ఎంత నున్నగా వచ్చాయో చూసుకుని అతనికే అసహ్యం వేసింది. చీకటి పడకముందే బస్సు పట్టుకున్నాడు.

అంతటితో బుద్ధొచ్చిందనుకుంటాం కదా. రాలేదు. తిరిగి వెళ్ళాక, ఏడాది సమీక్ష కోసం డైరెక్టరుగారు అడిగితే అతని చెయ్యి తనంతట తనే రాసింది: ‘శివారు ప్రాంతాల్లో ఆశించిన ఫలితాలు ఇంకా రావలసి ఉంది.’ డైరెక్టరుగారు చదివి, “నువ్వు లేకపోతే ఈ శాఖ ఏమైపోయేదయ్యా,” అన్నారు. ఆ సాయంత్రం అతను అన్నం ముందు కూర్చుని, చెయ్యి కడిగేసుకుని లేచాడు.

సమీక్షకి మళ్ళీ అదే ఆవిడ వచ్చింది. మళ్ళీ అదే బడి. విధానాన్ని ఉన్నదున్నట్టు వచ్చే పంటకీ కొనసాగించాలా వద్దా అన్నది అక్కడ తేలాలి. కొనసాగితే శివారు ఇంకోసారి ఎండుతుంది. గదిలో అందరికీ తెలుసు, వినడానికి వచ్చినావిడకి తప్ప.

పిన్ని ఈసారి చివరి బెంచీలో ఒక్కతే కూర్చుంది. పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు. వచ్చినావిడ అట్ట మీది ఫోటోని, మనిషినీ పోల్చుకుని సంబరంగా చెయ్యి ఊపింది.

“పోయినసారి ఈమె సిద్ధమన్నారు. ఇప్పుడూ అదే మాట మీద ఉన్నారా, అడగండి,” అంది.

అతను అడిగాడు.

పిన్ని లేచింది. ఊరివాళ్ళ వంక చూడలేదు. అతని వంక చూసింది. ఆమె గొంతు అంత చిన్నగా అతను ఎప్పుడూ వినలేదు.

“మీకేది వీలైతే అది చెప్పండి సార్.”

ఒళ్ళో పెట్టుకుని పెంచిన మనిషి. జ్వరమొస్తే కంటి మీద కునుకు లేకుండా కూర్చున్న మనిషి. ఆ నోట ‘సార్’ అన్న మాట. బడి గోడలు, బెంచీలు, డైరెక్టరుగారి బూట్లు, ఎటు చూసినా ముఖం పెట్టుకునే చోటు లేదు. ఆ స్థితిలోనూ, పాడు అలవాటు, ఇస్త్రీ చేసిన వాక్యం నాలుక చివర సిద్ధంగా ఉంది: నిర్ణయాన్ని శాఖకే వదిలేస్తున్నామంటున్నారు. డైరెక్టరుగారు దానికోసమే పెన్ను పట్టుకుని ఉన్నారు.

“మీకేది వీలైతే అది చెప్పండి సార్, అంటున్నారు,” అన్నాడు అతను, ఆవిడ భాషలో, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా.

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. “ఎవరితో అన్నారు ఆ మాట?”

“నాతో.”

“మీతో ఎందుకంటారు?”

డైరెక్టరుగారు దగ్గారు. అతను వినిపించుకోలేదు.

“పోయినసారి ఆమె సిద్ధమనలేదు. చివరి పొలాలు తడిశాకే పైకి నీళ్ళివ్వాలని రాస్తేనే సిద్ధమన్నారు, లేకపోతే చేలు ఎండుతాయన్నారు. నేను సగమే చెప్పాను. చేలు ఎండాయి. ఎండుతాయని నాకు ముందే తెలుసు. ఇది నా ఊరు. ఆమె మా పిన్ని.”

పిన్నికి ఆ భాష రాదు. అతనేమంటున్నాడో తెలియక, నిలబడే, వచ్చినావిడ ముఖంలోకి చూస్తూ ఉంది. చాలాసేపు చూసింది. ఈసారి ఆవిడ నవ్వలేదు.

పిన్ని కూర్చుంది.