వెనక సీటులో పెద్దమ్మ

పెళ్లిచూపుల నాడు రంజని అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "మీకు కొండరోడ్లో స్కూటర్ తోలేది వస్తుందా?"

మాధవ్ అప్పుడే నోట్లో కేసరి పెట్టుకున్నాడు. అది నమిలి మింగేలోపు ఏ మనిషికైనా నిజం చెప్పడానికి కావలసినంత తీరిక దొరుకుతుంది. ఈ మహానుభావుడు ఆ తీరికలో అబద్ధం వెతుక్కున్నాడు. "నెలకొకసారి పోతాండా" అన్నాడు.

నిజానికి అతని స్కూటర్ మాధవరం పాలకాలనీ నుంచి బస్ టెర్మినస్ దాకా వెళ్లి రావడం తప్ప మరో ప్రపంచం ఎరగదు. పుట్టి బుద్ధెరిగాక అది ఎక్కిన ఎత్తు ఒక్క ఫ్లైఓవర్, అదీ ఎడమ గోడ వారగా, వెనక వచ్చే వాళ్లందరి చేతా తిట్టించుకుంటూ. కాని ఆ మాట వినగానే రంజని ముఖం వెలిగిపోయింది. టి. నగర్‌లో ఉద్యోగం, సెలవు దొరికితే కొండదారి, ఇదీ ఆ పిల్ల జీవితం. అంతకుముందు వచ్చిన ముగ్గురు పెళ్లికొడుకులూ "పెండ్లయినాక ఇదంతా ఎందుకు" అన్నందుకు ముగ్గురినీ కాఫీతో సాగనంపింది. ఈ నాలుగోవాడికి మాత్రం ఆ సాయంత్రమే సరేనంది.

ఆ తరవాత రెండు నెలలు ఫోన్లో మాట్లాడుకున్నారు. మాధవ్‌కి ఆ పిల్ల మీద ప్రేమ పీకల్దాకా వచ్చింది, దానితోపాటే భయమూ వచ్చింది. ఆమె ఒప్పుకున్నది ఆ ఒక్క మాట చూసి. ఆ మాట పోతే తనూ పోతాడు. ఇవాళ చెప్పేస్తాను అని రోజూ అనుకునేవాడు. ఇంతలో ఆమే చెప్పింది, పెళ్లికి ముందు ఒక్కరోజు ఏలగిరి కొండ ఎక్కి వద్దామని.

పెద్దవాళ్లు కూడి ఆలోచించారు. రంజని మేనత్త పుష్పవల్లి, ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు, తీర్పు చెప్పింది. "తాళి కట్టేంతవరకు ఇద్దురూ ఒకే బండెక్కేది మన వంశంలో లేదు. రెండు బండ్లు. నేనూ వస్తా."

"నువ్వు నా బండిలో కూచో అత్తా" అంది రంజని.

"నీ బండిలో కూచుంటే ఆయప్ప వెనక సీటు ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉండే సీటు మంచిది కాదు. నేను ఆడనే కూచుంటా."

అలా అరవై ఒక్కేళ్ల పుష్పవల్లి పెళ్లికొడుకు వెనక సీటుకి కాపలాదారు అయింది.

తెల్లవారుజాము రైల్లో ముగ్గురూ జోలార్‌పేటలో దిగారు. ఆ ఊరిదే అయిన చాందిని, రంజని స్నేహితురాలు, రెండు స్కూటర్లు సిద్ధంగా పెట్టించింది. ఎనిమిదిన్నరకల్లా కొండ మొదట్లో ఉన్నారు. పద్నాలుగు మలుపులు, ప్రతి మలుపుకీ అంకె వేసిన బోర్డు. రంజని "పైన చూస్తాం" అని చెయ్యి ఊపి, మొదటి మలుపులో నీళ్లలో చేపలా తిరిగి మాయమైంది.

మాధవ్ కూడా మొదటి మలుపు దాకా బాగానే వచ్చాడు. అక్కడ రోడ్డు ఒక్కసారిగా పైకి లేచి, వెనక్కి మళ్లింది. బండి నెమ్మదించింది, ఒరిగింది, అతని రెండు కాళ్లూ వాటంతట అవే నేల పట్టుకున్నాయి. పుష్పవల్లి జారి దిగి, చీర సర్దుకుని నిలబడింది.

"బండి నిలిచిందా, నిలిపినావా?"

"నిలిపినా పెద్దమ్మా. వ్యూ చూస్తామని."

ఎదురుగా ఉన్నది సిమెంటు గోడ. పుష్పవల్లి దాన్ని కాసేపు శ్రద్ధగా చూసింది. "బాగానే ఉండాది గోడ" అని మళ్లీ ఎక్కి కూర్చుంది.

మూడో మలుపు దగ్గర రంజని నీడలో ఆగి కనిపెట్టుకుని ఉంది. "ఏమైంది, ఇంత లేటు?"

మాధవ్ నోరు మళ్లీ పాత పనే చేసింది. "పెద్దమ్మకి భయంగా ఉండాది. మెల్లగా పొమ్మంటాండారు."

వెనక నుంచి తన మెడ మీద ఒక చూపు ఆనినట్టు అతనికి స్పష్టంగా తెలిసింది. పెద్దమ్మ "ఊ" అంది. అతనికి ప్రాణం లేచొచ్చింది, వెంటనే సిగ్గేసింది, మలుపు రాగానే ఆ సిగ్గూ మర్చిపోయాడు.

ఇక అక్కడి నుంచి ఒక పద్ధతి ఏర్పడిపోయింది. మలుపు వస్తుంది, అతను ఆపుతాడు, ఆమె దిగి మలుపంతా నడుస్తుంది, అతను కాళ్లతో నెట్టుకుంటూ బండిని తిప్పుతాడు, ఆమె మళ్లీ ఎక్కుతుంది. మలుపుకీ మలుపుకీ మధ్య మాత్రం పుష్పవల్లి సంబరం చెప్పనలవి కాదు.

"అది చూడు నాయనా, మనమొచ్చిన రైలుపట్టా! ఎంత సన్నంగా ఉండాదో! ఆ చెరువు చూడు, ఆ కొబ్బరితోపు చూడు!"

మాధవ్ చూడలేదు. ముందు చక్రానికి మూడడుగుల దూరంలో ఉన్న తారు తప్ప అతనికి లోకంలో మరేమీ కనిపించడం లేదు.

"నేను కొండంటే తిరుమల ఒగటే చూసినా" అందామె. "బస్సులో, నిమ్మకాయ మూతికాడ పెట్టుకొని, కండ్లు మూసుకొని. దారి ఎట్లుంటుందో ఇన్నేండ్లకి ఈపొద్దే చూస్తాండా."

పైకి చేరేసరికి పదకొండైంది. చెరువు గట్టు మీద కూర్చుని పులిహోర తిన్నారు. చల్లగాలి వేస్తోంది. రంజని అత్త మోకాళ్లు ఒత్తుతూ ఎంతో ప్రేమగా అంది.

"పావం అత్తా, చానా కష్టమైపోయింది నీకు. దిగేటప్పుడు బస్సులో పో. మేము వేరే వేరే బండ్లలోనే కదా వస్తాము. మాధవ్ కూడా ఫ్రీగా తోలొచ్చు. నెలనెలా ఎక్కే మనిషి, నీ కోసరం నడక స్పీడులో వచ్చినారు."

పుష్పవల్లి వచ్చిన దారివైపు ఒకసారి చూసింది. ఇప్పుడు చెప్పేస్తుంది, అనుకున్నాడు మాధవ్. చెప్పకుండా ఉండడానికి ఆమెకు ఒక్క కారణమూ లేదు.

"సరే మా. బస్సులోనే పోతా" అంది. క్యారియర్ మూత బిగించి, చేతిసంచిలో వెతికి నిమ్మకాయ తీసి గుప్పిట్లో పట్టుకుంది.

మాధవ్ ఆ నిమ్మకాయ చూశాడు. తన పరువు కోసం ఒక ముసలామె కళ్లు మూసుకుని కొండ దిగబోతోంది.

"భయం పెద్దమ్మకి కాదు" అన్నాడు. "నాకు. ప్రతి మలుపులో నాకే. ఆమె నడిచింది నా కోసరం."

రంజని చేతులు ఆగిపోయాయి. "మరి నెలకొకసారి?"

"ఎప్పుడూ పోలేదు. ఇదే మొదలు."

"రెండు నెల్లు నాతో ఫోన్లో మాట్లాడినారు."

"దినామూ చెప్దామనే అనుకున్నా."

ఆమె లేచి చేతులు దులుపుకుంది. మాధవ్ లోపల పెళ్లిపందిరి ఒక్కొక్క గుంజే ఊడి పడుతోంది.

"కొండ తోలేది రాకపోతే నేర్చుకోవచ్చు మాధవ్. మా అత్తని పిరికిదాన్ని చేసినారు చూడండి, అది నాకు కడుపులో మండుతాంది." ఆమె కోపం అత్త మీదికి తిరిగింది. "నువ్వెందుకు నోరు మూసుకున్నావు?"

"ఆయప్ప చెప్తాడా లేదా చూస్తామని" అంది పుష్పవల్లి తాపీగా. "నేను బస్సెక్కేలోపల చెప్పకపోయుంటే, రైల్లో నేనే చెప్పుంటా. పెండ్లి కూడా నిలిపేసుంటా."

ఆమె నిమ్మకాయను సంచిలో పడేసి, తిన్నగా వెళ్లి అతని స్కూటర్ వెనక సీటు మీద కూర్చుంది.

"పెద్దమ్మా, ఈడ వద్దు. రంజని బండిలో..."

"నోరు మూసుకొని తోలు. భయమని ఒప్పుకున్నోడు బ్రేకు మీంచి చెయ్యి తియ్యడు."

రంజని హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేసింది. ఇప్పుడు తనను దాటి, కొండ దిగి, రైలెక్కి, తన బతుకులోంచే వెళ్లిపోతుందని మాధవ్‌కి ఖాయమైపోయింది. దారివ్వడానికి పక్కకి జరిగాడు. ఆమె దాటలేదు.

దిగుతుంటే మొదట వచ్చిన పద్నాలుగో మలుపు దగ్గర అతని కాళ్లు యథాప్రకారం నేల పట్టాయి. "పెద్దమ్మా, భయంగా ఉండాది" అన్నాడు ఈసారి బయటికే. వెనక నుంచి ఒక బస్సు చెవులు పగిలేలా హారన్ కొట్టింది. మాధవ్ అద్దంలో చూశాడు. రంజని తన స్కూటర్‌ని రోడ్డుకి అడ్డంగా పెట్టి, చెయ్యెత్తి ఆ బస్సుని ఆపేసింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి తిట్లు లంకించుకున్నాడు.

ఆమె అతనికంటే గట్టిగా అరవంలో అరిచింది. "కొంచెం ఉండన్నా! మా ఇంటాయన నేర్చుకుంటాండారు!"

"ఇంకా తాళి కట్టలేదు మా!" అని పుష్పవల్లి వెనక్కి తిరిగి కేకేసింది.

మాధవ్ నవ్వాపుకోలేక, రెండు కాళ్లూ నేలకి ఆనించుకునే, మెల్లగా ఆ మలుపు తిరిగాడు.