గ్లౌజు కింద గాయం

రండమ్మా, దగ్గరికి జరిగి కూర్చోండి. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తల్లి కథ చెబుతాను.

చెరువుల్లో పెంచిన మీసాల చేపలను అక్కడ కోసి, ముళ్లు తీసి, ముక్కలను గడ్డకట్టించి ఓడల మీద పైదేశాలకు పంపుతారు. ఆమె కత్తి పట్టిందంటే చొక్కా విప్పినంత సులువుగా ముక్క ఊడి వచ్చేది. అయితే ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. వేలు తెగిందని చెప్పిన మనిషిని అది మానేదాకా ఇంటికి పంపేస్తారు. కూలి ఉండదు. అందుకని ఎవరూ చెప్పరు. ప్లాస్టర్ చుట్టుకుని, పైన రబ్బరు గ్లౌజు తొడుక్కుని, ఏమీ ఎరగనట్టు నిలబడతారు.

ఆ రోజు పని మధ్యలో చూసుకుంటే ఆమె గ్లౌజు కొస తెగిపోయి ఉంది. అంతకుముందే తెగిన చిటికెన వేలికి చుట్టుకున్న ప్లాస్టర్ లేదు. ఐసు నీళ్లకు చేతులు కొయ్యబారి, ఎప్పుడు ఊడిందో కూడా తెలియలేదు.

పక్కన కోస్తున్నామెతో, "వదినా, నా ప్లాస్టర్ ముక్కల్లో పడిపోయింది" అంది గుసగుసగా.

"నోరు మూసుకో తల్లీ! తనిఖీ మిషను ఇనుమునైతే పట్టుకుంటుంది గానీ గుడ్డపీలికని పట్టుకుంటుందా? ఎక్కడో ఎవడో తింటాడు, నీకేం?"

"వాడికి పిల్లలుండరా? గొంతులో అడ్డం పడితే?"

"నువ్వింటికెళ్తే నీ పిల్లల గొంతులోకి ఏం దిగుద్ది?"

ట్రేలు ఒకదాని వెనక ఒకటి చలిగదిలోకి వెళ్లిపోతున్నాయి. అరిస్తే కూలి పోతుంది, ఊరుకుంటే నిద్ర పోతుంది. చివరికి కత్తి కింద పెట్టేసింది.

"ట్రేలు ఆపండయ్యా!"

సూపర్‌వైజర్ చిందులు తొక్కాడు. ట్రేలన్నీ బోర్లించి వెతికించాడు. ప్లాస్టర్ దొరికింది. కానీ అది బొటనవేలికి చుట్టేంత వెడల్పుంది.

"ఇదెవరిది?"

వదిన తన గ్లౌజు లాగేసి, తెగిన బొటనవేలు చూపించింది. ఆ వెనక ఇంకొకరు, మరొకరు. చూస్తుండగానే బల్ల పొడవునా తెగిన వేళ్లే. ఆమె ప్లాస్టరూ అడుగు ట్రేలో దొరికింది.

"అందర్నీ పంపేస్తే కోసేదెవరు?" అంటూ సూపర్‌వైజర్ స్టూలు మీద కూలబడ్డాడు.

"మీరే కొయ్యండి సార్. ప్లాస్టర్ మేమిస్తాం" అంది వదిన.

ఆ పూట ఎవరినీ ఇంటికి పంపలేదు. వేళ్లు తెగినవాళ్లను అట్టపెట్టెలు మడిచే పనిలో, పెట్టెలు మడిచేవాళ్లను కోతలో పెట్టారు, కూలి కొయ్యలేదు. అది ఎన్నాళ్లు నిలుస్తుందోనని ఆమెకు ఇప్పటికీ బెంగే.

నిజం చెప్పినవాళ్ల కడుపు కొడితే గాయాలు తగ్గవమ్మా, గ్లౌజుల కింద దాక్కుంటాయి. ఇది గుర్తుంచుకోండి. పదిమందితో పని చేయించేవాళ్లు ఎవరు కనబడినా, కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి.