ఉత్తమ దాత తాగని నీళ్లు

మనీలా కాలువ గట్టు మీది గుడిసెలు కూల్చింది ఆర్టెమియో కంపెనీ. ఆ జనాన్ని ఊరికి దూరంగా బులకాన్ గుట్టల్లో పడేసి, బోరు వేయించి, పక్కనే ఆర్టెమియో నిలువెత్తు ఫొటో పెట్టించింది ఆయన ఫౌండేషన్. ఆ బోరు నీళ్లు తాగి, కాలనీలో ఉండే లీగాయ కూతురు మూడు రోజులు వాంతులు చేసుకుని చచ్చిపోయింది. ఆరేళ్ల పిల్ల. సరిగ్గా ఆ నెలలోనే ఉత్తమ దాత పురస్కారానికి ఆర్టెమియో పేరు వెళ్లింది. అది వస్తే ఇంకో పది కాలనీలకు బోర్లు వేసేది ఆయనే.

ఆర్టెమియోతో కలిసి న్యాయనిర్ణేతలు చూడటానికి వస్తున్నారని ఫౌండేషన్ మేనేజరమ్మ ఆడవాళ్లకు పసుపు చొక్కాలు పంచింది. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో, ఎప్పుడు కళ్లు తుడుచుకోవాలో నేర్పింది. పిల్ల సంగతి ఎత్తొద్దంటూ లీగాయ చేతిలో బియ్యం మూట పెట్టింది. లీగాయ ఆ మూట అందరికీ పంచేసి, అక్కడే మీటింగు పెట్టింది. ఆమెకు పగ తప్ప మరేం మిగల్లేదు. దాన్ని దాచుకోవాలనీ అనిపించలేదు.

చుట్టాలొస్తే చేతిలో ఉన్నదంతా ఊడ్చైనా కూల్‌డ్రింకు తెచ్చిపెట్టే జనం వాళ్లు. ఈసారి వచ్చేవాళ్లందరికీ బోరు నీళ్లే ఇద్దామంది లీగాయ. పాపం చుట్టుకుంటుందని ముసలి పూరింగ్ అడ్డుపడింది.

"మన పిల్లలకి రోజూ పోస్తన్నాం గదా పిన్నీ. అది పాపం కాదా?"

పూరింగ్ బోరు పక్కనున్న ఫొటో వంక చూసింది.

"చూడొచ్చేటోళ్లు మనకేం జేశారే? ఆళ్లకొద్దు. ఆ ఫొటోలో ఉన్నోడికి పొయ్యి. ఆడొక్కడికే."

ఆ మాట మీద అందరూ ఒక్కటయ్యారు.

న్యాయనిర్ణేతలకు కూల్‌డ్రింకులు అందాయి. కెమెరాల ముందు లీగాయ ఆర్టెమియోకి గ్లాసు అందించింది. ఆయన నవ్వుతూ, చల్లనివి తాగొద్దని డాక్టరు చెప్పాడన్నాడు.

"చల్లగా లేవు సార్. మా పిల్ల తాగినయ్యే."

ఆయన నవ్వు ఆగిపోయింది. గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్లి, గభాల్న నేల మీద ఒంపేశాడు. ఆ నీళ్ల సంగతి ఆయనకు తెలుసు. మొదటినుంచీ తెలుసు. న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ చేతిలోని మార్కుల ఫైలు మూసేసింది.

బందోబస్తుకొచ్చిన పోలీసులు లీగాయ చేతులు విరిచి జీపెక్కించారు. ఆర్టెమియో కారులో దూరి అద్దాలు ఎత్తించాడు. కానీ కారు కదల్లేదు. నలభై మంది ఆడవాళ్లు తలా ఒక గ్లాసు బోరు నీళ్లు పట్టుకొచ్చి దాని చుట్టూ నిలబడ్డారు. జీపు కూడా వాళ్ల మధ్యే ఇరుక్కుపోయింది. లీగాయని దించాలి, లేదా ఆయన తాగాలి.

పూరింగ్ గ్లాసుతో అద్దం మీద కొట్టింది.

"తొందరేం లేదు సారూ. బోరు నిండా నీళ్లే."