మాస్టారిచ్చిన ప్రైమర్లు

ఐడెల్లా స్కార్ తన భర్త లేలండ్‌ను కావాలనే కాల్చి చంపిందని మా టాలన్ క్రీక్‌లో అందరూ నమ్ముతారు. దూడల్ని అమ్మే విషయంలో ముందురోజు ఇద్దరూ సంతలో పోట్లాడుకున్నారు. మర్నాడు కంకర గోతి దగ్గర గురికాగితం తగిలించి తిరిగివస్తున్న లేలండ్ ఛాతీలో గుండు దిగింది. తుపాకి ఆమె చేతుల్లో ఉంది. ఊరికి అంతకు మించి సాక్ష్యం అక్కర్లేకపోయింది. సోమవారం ఆమెపై హత్యానేరం మోపుతారు.

"తూటా పెట్టి బోల్టు వదిలానంతే. వేలు ట్రిగ్గర్ మీద లేదు" అని ఆమె మొదటినుంచీ ఒకటే చెబుతోంది. మాట మార్చకపోవడం నిజానికి రుజువు కాదు. అబద్ధానికీ కాదు.

శనివారం ఉదయం షెరీఫ్ సహాయకుడు వేడ్ ఆ తుపాకినీ, మిగిలిన తూటాల పెట్టెనూ నా షెడ్డుకు తెచ్చాడు. బళ్ళో అతనికి భౌతికశాస్త్రం చెప్పింది నేనే. తూటాలు లేలండ్ ఇంట్లో చేసుకున్నవి. ఇక్కడ అలా చేసుకునే వాళ్ళందరూ పెట్టె మూత లోపల తుపాకిమందు తూకం, ప్రైమరు రకం రాసుకుంటారు. లేలండ్ పెన్సిలుతో రాసిన చివరి పంక్తి: "ప్రైమర్లు మాస్టారిచ్చినవి."

ప్రైమరంటే తూటా అడుగున కూర్చునే చిన్న టోపీ. తుపాకిలోని సూది దాన్ని కొడితేనే మందు అంటుకుంటుంది. గత చలికాలం అవి ఏ దుకాణంలోనూ దొరకలేదు. లేలండ్ వచ్చి అడిగితే నా అలమారలోంచి వంద ఇచ్చాను. పలుచని రేకువి, జింకల వేట తుపాకికి శ్రేష్ఠమైనవి. ఇది పాత సైన్యపు తుపాకి. తూటాను లోపలికి తోసి వెనకనుంచి మూసే దీని బోల్టు స్ప్రింగు బలంతో దభీమని మూసుకుంటుంది, పట్టి ఉంచేదేమీ లేని సూది ప్రతిసారీ టోపీని తాకుతుంది. దీనికి గట్టి రేకే వాడాలి, పలుచనిదైతే ఆ తాకిడికే పేలవచ్చు. ఏ తుపాకికని నేను అడగలేదు.

"ఏంటి మాస్టారూ, అలా అయిపోయారు?"

"మూత లోపల చదివావా?"

"చదివాననే కదా మీ దగ్గరికొచ్చింది."

తూటాల్లోంచి గుండ్లూ మందూ తీసేసి టోపీలు మాత్రం ఉంచాను. తుపాకిని బల్లకు బిగించాం. ట్రిగ్గర్ వెనక చెక్కముక్క దూర్చి, అది కదలకుండా వేడ్ తన చేత్తోనే కట్టాడు. ఒక్కొక్కటే పెట్టి బోల్టు వదిలాను. ప్రతి టోపీమీదా చిన్న సొట్ట పడింది, అంతే.

"పన్నెండయ్యాయి. ఆవిడ అబద్ధమాడుతోందేమో."

"పన్నెండుసార్లు జరగలేదంటే ఎన్నడూ జరగదని కాదురా."

"క్లాసులోనూ ఇలాగే ప్రాణం తీసేవారు."

"నువ్వు క్లాసులో ఉన్నదెప్పుడు?"

వేడ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పేలితే ఆమె బయటపడుతుంది. లేలండ్‌ను చంపినవి నా టోపీలని తేలుతుంది. పేలకపోతే నా అలమార తప్పించుకుంటుంది, ఆమె జైలుకెళుతుంది. చేయి ఆగింది. అయినా మరొకటి పెట్టాను, ఆపైన ఇంకొకటి.

పదిహేడవది, ట్రిగ్గర్ కదలకుండానే, పేలింది.