వేడికి తట్టుకునే గ్లాసులు

మా అక్క కొట్లో గ్లాసులు అందంగా ఉంటాయి. ఆ మాట ఇప్పటికీ కాదనను. పిడి ఉండదు, పూలూ గీతలూ ఉండవు. అడుగు కాస్త గుండ్రంగా, అంచు సన్నగా, అరచేతిలో ఇమిడిపోతాయి. టీ పోస్తే టీ రంగే వాటికి నగ. కాఫీకి మూతున్న జాడీ, నీళ్ళకి సన్నమెడ కూజా కూడా అదే తీరు. పెద్ద దుకాణాల్లో ఇలాంటివాటిని చేతిలోకి తీసుకుని, అడుగున ధర చూసి, చప్పుడు కాకుండా మళ్ళీ అక్కడే పెట్టేస్తాం మాలాంటివాళ్ళం. మనమూ కొనుక్కోగలిగిన ధరకి అమ్మాలని అక్క కొట్టు పెట్టింది.

కొట్టు తెరవకముందే ఒక్కో రకంలో ఒక్కో నమూనా నాకు పంపేది. "నీ వంటింట్లో నెగ్గిందంటే ఎక్కడైనా నెగ్గుతుందే" అనేది. చిన్నప్పుడు నేను వాసన చూడకుండా పాలు తాగేదాన్ని కాదట. అందుకే బావగారు నన్ను ఇప్పటికీ ఇన్‌స్పెక్టరమ్మా అనే పిలుస్తారు. నీళ్ళు వంచాక చివరి చుక్క మెడ మీదుగా కారుతోందని కూజా రెండుసార్లు తిప్పి పంపాను. మూడోసారి చుక్క కారలేదు. జాడీ మూత వదులుగా ఉందంటే మార్పించింది. నేను చెప్పింది చెప్పినట్టు వినేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. అక్క వినేది. ఆ సంతోషంలో నాకు ఇంకేమీ తోచలేదు.

టీ గ్లాసులు మాత్రం ఆరు వచ్చాయి. ఫ్రిజ్‌లో గంటసేపు పెట్టి తీసి, మరిగే నీళ్ళు పోశాను. చిట్లలేదు. వారం రోజులు అదే పని చేశాను. అప్పుడు అక్క ఒక మధ్యాహ్నం మా బిల్డింగులో ఆడవాళ్ళందరినీ మా వంటింటికి పిలిచింది. వాళ్ళ ముందు ఫ్రిజ్‌లోంచి గ్లాసు తీసి, కెటిల్లో నీళ్ళు తెర్లుతుండగా పోసి చూపించాను. అక్క ఫోన్లో వీడియో తీసింది.

"వేడికి భయపడక్కర్లేదు" అన్నాను.

నేను ఊరికే మెచ్చుకునే మనిషిని కానని వాళ్ళకి తెలుసు. ఆ సాయంత్రమే పదకొండు ఇళ్ళవాళ్ళు కొన్నారు.

రెండు నెలలు గడిచాక, కింద అంతస్తులో బట్టలు కుట్టే టైలరమ్మ దగ్గరికి మా అబ్బాయి చొక్కా కోసం వెళ్ళాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆమె కుడిచేతికి వేళ్ళ నుంచి మణికట్టు దాకా కట్టు.

"ఏమైందండీ?"

"నా మొద్దుతనం. టీ పోస్తుంటే గ్లాసు చేతిలోనే విడిపోయింది. కడిగేటప్పుడు కుళాయికి తగిలించి ఉంటాను. మీరు చెప్పారుగా, అవి వేడికి పగలవని."

తనని తనే తిట్టుకుంటోంది. చెత్తబుట్ట పక్కన కాగితంలో చుట్టి పెట్టిన ముక్కలు చూపించమన్నాను. అడుగు ముక్కని కిటికీ వెలుగుకి పట్టాను. అంచు ఆకుపచ్చగా ఉంది. మా ఇంట్లో గ్లాసు అంచు తెల్లటి తెలుపు. పగలకుండా మిగిలిన ఐదింట్లో ఒకటి అడిగి పైకి తెచ్చి, కాఫీపొడి తూచుకునే చిన్న త్రాసు మీద పెట్టాను. ఆకారం ఒకటే, ఎత్తు ఒకటే. అడుగు మాత్రం మందం, బరువు మా గ్లాసుకి దాదాపు ఒకటిన్నర రెట్లు. మా ఇంట్లో ఉన్నది వేడి తట్టుకునే గాజు. ఆమె కొన్నది మామూలు గాజు.

కొట్టుకి వెళ్ళేసరికి అక్క గ్లాసుల మధ్య అట్టముక్కలు దూరుస్తోంది. గోడమీది తెరలో నేనే ఉన్నాను, మరిగే నీళ్ళు పోస్తూ. రెండు నెలలుగా పోస్తూనే ఉన్నానన్నమాట.

"రావే, రా. ఈ అట్టలు అందుకో."

టైలరమ్మ గ్లాసుని బల్లమీద పెట్టాను. పక్కన మా ఇంటి గ్లాసు పెట్టాను. అక్క రెండింటినీ ముట్టుకోలేదు.

"తూచావా?" అంది.

"తూచాను."

"తూస్తావని తెలుసు." నిట్టూర్చి కుర్చీలో కూర్చుంది. "ఆ గాజుతో చేయిస్తే ఈ ధరకి రాదే. అందం కావాలి, చవగ్గా కావాలి, వేడికి ఆగాలి అంటే ఎలా? రెండు ఇచ్చాను. మూడోది వాళ్ళే జాగ్రత్త పడతారు. పగిలితే మరోటి కొనుక్కుంటారు."

"మరి నాకు పంపినవి?"

"అవి వేరేగా చేయించాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటే పిచ్చిమొహమా! నీకు మామూలువి పంపితే మూడు రోజుల్లో పట్టేస్తావు. నువ్వు బాగున్నాయనందే నీ చుట్టుపక్కల ఒక్కతీ కొనదు. నీకు ఏ లోటూ చెయ్యలేదుగా! ఉన్నవాటిలో మంచివి నీకే ఇచ్చాను."

నిజంగానే నాకేదో మేలు చేసినట్టు చూసింది. ఎవరో మోసం చేస్తే మనం తెలివితక్కువవాళ్ళమనుకుని ఊరుకోవచ్చు. నేను ఎక్కడ వేలు పెడతానో, ఎక్కడ పెట్టనో, అంగుళం అంగుళం తెలిసిన మనిషి చేసింది ఇది. నాకు తనే ఊరికే ఇస్తుంది కాబట్టి నేను ఆ కొట్లో ఎన్నడూ ఏదీ కొననని కూడా ఆమెకు తెలుసు.

"ఆ వీడియో తీసెయ్. అందరికీ నిజం చెప్పు."

"చెప్పి కొట్టు మూసుకోమంటావా?"

"టైలరమ్మ చెయ్యి కాలింది."

"మందుకి డబ్బులిస్తాను. ఇంకేం చెయ్యమంటావు, కాళ్ళు పట్టుకోనా?"

ఇంటికొచ్చి బిల్డింగు గ్రూపులో నేనే రాశాను: వాళ్ళు కొన్న గ్లాసులు నేను చూపించినవి కావనీ, మరిగేవి పొయ్యొద్దనీ, నన్ను క్షమించమనీ. రెండు నిమిషాల్లో దాని కింద అక్క రాసింది: 'మా చెల్లికి నామీద అలక. అక్కాచెల్లెళ్ళ గొడవ, మీరు పట్టించుకోకండి.' చివర నవ్వు బొమ్మ. ఆ నవ్వు కింద వరసగా ఇంకో ఏడు నవ్వులు చేరాయి.

పక్కింటి పిన్నిగారి తలుపు తట్టాను. ఆవిడకి మనవలు ఇద్దరున్నారు.

"పిన్నిగారూ, ఆ గ్లాసులు వాడకండి."

"చదివానమ్మా. పాపం మీ అక్క! కొత్తగా కొట్టు పెట్టుకుంది, నాలుగు రోజులు ఓర్చుకోలేవూ? తోడబుట్టినది బాగుపడుతుంటే కళ్ళు కుట్టకూడదు."

"నా మాట నమ్మరా?"

"నీ మాట నమ్మే కొన్నాను. ఈ కళ్ళతో చూశాను. నువ్వే పోశావు కదే నీళ్ళు!"

చెప్తే లాభం లేదని గ్లాసు తెప్పించి, సింకులో పళ్ళెం పెట్టి, ఆవిణ్ణి దూరంగా నిలబడమని చెప్పి, మరిగే నీళ్ళు పోశాను. గ్లాసు పగలలేదు. ఆవిరి మెల్లగా పైకి లేచింది. నా జీవితంలో ఒక వస్తువు పగలాలని దేవుణ్ణి కోరుకున్నది అప్పుడే.

"ఇంకోసారి పోస్తాను."

"పగిలేదాకా పోస్తావా ఏమిటి? ఇలా తే!" గ్లాసు లాక్కున్నారు పిన్నిగారు. "కోపం తగ్గాక రా, ఇందులోనే టీ ఇస్తాను."

మామూలు గాజు పదిసార్లు ఆగి పదకొండోసారి విడిపోవచ్చని ఆవిడకి చెప్పబోయాను. తలుపు పడింది.

టైలరమ్మ దగ్గరికి ఆఖరున వెళ్ళాను. ఆమె దగ్గర తీసుకెళ్ళిన గ్లాసు తిరిగిచ్చి, జరిగిందంతా వరసగా చెప్పాను. అంతా విన్నాక ఆమె లేచి, ఎడమచేత్తోనే ఐదు గ్లాసులూ ఒక్కొక్కటే కత్తిరింపు గుడ్డముక్కల్లో చుట్టి సంచిలో వేసింది.

"అయితే తప్పు నాది కాదన్నమాట" అంది.

"మీది కాదు. నాది."

"మీరు కావాలని చెయ్యలేదుగా."

"మీరైనా నమ్మారు."

"మంచివన్నప్పుడు నమ్మినదాన్ని, కాదంటే నమ్మనా?" సంచి మూతి ముడి వెయ్యబోయింది. ఒంటిచేత్తో పడలేదు. నేను వేశాను. ముడి బిగిసిందో లేదో ఆమె రెండుసార్లు లాగి చూసుకుంది. "ఏమీ అనుకోకండి. ఇకమీద ఏదైనా కొనాలంటే మిమ్మల్ని అడగనులెండి."

అందులో కోపమేమీ లేదు. చొక్కా వచ్చే వారం ఇస్తానని ఎలా చెబుతుందో అలాగే చెప్పింది.

"అడగకండి" అన్నాను.